సంతకం మీద పడ్డ బొట్టు

అడ్మిషన్ల రోజుల్లో నా టేబుల్ కింద ఒక ఇనుప గుండు ఉంటుంది. షాట్‌పుట్ గుండు. నేను పనిచేసే డిగ్రీ కాలేజీలో స్పోర్ట్స్ కోటా సర్టిఫికెట్లు చూసే పని నాది. ఎవరి కాగితం మీదైనా అనుమానం వస్తే నేను వాదన పెట్టుకోను. గుండు తీసి టేబుల్ మీద పెట్టి, "పద, గ్రౌండ్‌లోకి పోదాం" అంటాను. కొందరు పిల్లలు చెప్పులు అక్కడే విడిచి పరుగున వస్తారు. కొందరి తండ్రులకు సరిగ్గా అప్పుడే అర్జెంటు ఫోన్ వస్తుంది. మాట్లాడుకుంటూ వరండాలోకి పోయినవాళ్లు మళ్లీ కనపడరు.

మా స్టాఫ్‌రూంలో ఒకాయన ప్రతి ఏడూ ఇదే జోకు వేస్తాడు. "మరి ఈత సర్టిఫికెట్ తెస్తే ఏం జేస్తవ్ మేడం?" "బావి చూపిస్త సార్" అంటాను. అందరూ నవ్వుతారు. నవ్వడం అయిపోయాక అసలు మాట మొదలవుతుంది. ఆటలాడేవాళ్లకు కాలేజీ సీటెందుకు, సీటు చదువుకునేవాళ్లది కదా, అని. మర్యాదగా అడిగితే మర్యాదగానే జవాబు చెబుతాను. ఎత్తిపొడిచినట్టు అడిగితే మాత్రం నాకు ఒళ్లు మండుతుంది. ఎందుకంటే నేనూ అలా వచ్చినదాన్నే. గుండు విసిరి సీటు తెచ్చుకున్నానని జహీరాబాద్‌లో సగం మందికి తెలుసు. మిగతా సగం మందికి మా అమ్మ చెప్పింది.

మా నాయిన జహీరాబాద్ మార్కెట్‌లో తూకం వేసేవాడు. అల్లం, ఆలుగడ్డ. ఝరాసంగం, కోహీర్ దిక్కు నుంచి బస్తాలు దిగుతుంటే ఆయన పెద్ద కాంటా ముందు నిలబడి ఇనుప బాట్లు, అదే తూకం రాళ్లు, ఎత్తి పెడుతుండేవాడు. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా కరెంటు కాంటాలు వచ్చాయి. ఎర్రగా అంకెలు వెలిగే ఆ కాంటాల ముందు పాత బాట్లు మూలకు పడ్డాయి. నాయినకు మనసొప్పలేదు. అడిగి, ఐదు కిలోల బాటు ఒకటి ఇంటికి తెచ్చుకున్నాడు. తెచ్చుకున్నాడు గానీ దాంతో ఏం చేయాలో ఆయనకూ తెలియదు. గాలికి కొట్టుకోకుండా తలుపుకు అడ్డం పెట్టాడు.

ఆ ఏడే మా బడిలో పీఈటీ సార్ షాట్‌పుట్ నేర్పడం మొదలుపెట్టాడు. బడికంతటికీ ఒకటే గుండు, అదీ మగపిల్లలది. అది స్టోర్‌రూంలో ఉండేది. స్టోర్‌రూం తాళంచెవి హెడ్‌మాస్టర్ జేబులో ఉండేది. హెడ్‌మాస్టర్ ఎప్పుడూ ఏదో మీటింగ్‌లో ఉండేవాడు. అదృష్టం బాగుంటే వారానికి ఒకసారి నా చేతికి ఆ గుండు దొరికేది. నాకేమో ఒకసారి విసిరినప్పటి నుంచి దాని మీదే ప్రాణం. చేతిలోంచి బరువు వెళ్లిపోయి, దూరంగా నేల మీద దబ్బున పడేంతవరకు ఉండే ఆ ఒక్క క్షణం కోసం నేను ఏమైనా చేసేదాన్ని. అందుకని ఇంటికొచ్చి తలుపు దగ్గరి బాటు తీసుకుని, ఇంటి వెనక ఖాళీ జాగాలో విసురుకునేదాన్ని.

బాటు గుండులా నున్నగా ఉండదు. దానికి పలకలుంటాయి. మెడ దగ్గర ఆనించుకుంటే పలక అంచు గీరుకుంటుంది. కొన్నాళ్లకే నా మెడ కుడివైపు ఎర్రగా చారలు పడ్డాయి. ఒకరోజు జడ వేస్తూ అమ్మ చూసింది. చూసి, దువ్వెన పక్కన పెట్టి, నా చెవి పట్టుకుంది.

"ఏందే గీ గాయం? ఎవడన్న ఏమన్న జేసిండా? నిజం జెప్పు."

"బాటు అమ్మా."

"బాటా? తలుపు కాడి బాటా?"

"మెడకు పెట్టుకొని ఇసురుతున్న."

అమ్మ నన్నూ తలుపునూ మార్చి మార్చి చూసింది. "దేవుడా! ఆడిపిల్ల పుట్టిందనుకుంటె నా కడుపుల హమాలీ పుట్టిందా?" అని నెత్తి కొట్టుకుంది. నెత్తి కొట్టుకోవడం అయ్యాక లోపలికి పోయి పాత చీర ముక్క ఒకటి తెచ్చి, బాటుకు బిగించి చుట్టి, సూదీ దారంతో కుట్టేసింది. "ఇగ ఇసురు" అంది.

మొదటిసారి మండలం పోటీలకు పోయినప్పుడు అక్కడి సార్ నా చేతిలో గుండు పెడితే, తప్పు గుండు ఇచ్చాడనుకున్నాను. "సార్, ఇది అల్కగున్నది" అన్నాను. "ఆడపిల్లలది గింతే ఉంటది" అన్నాడాయన. ఆడపిల్లలకు వేరే గుండు ఉంటుందని నాకప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. నేను పొద్దూ మాపూ విసిరిందంతా దానికంటే బరువైనది. ఆ రోజు నేను విసిరితే గుండు సున్నం గీతలన్నీ దాటి, టేపు పట్టుకుని నిలబడ్డ మనిషి కాళ్ల దగ్గర పడింది. ఆయన ఎగిరి పక్కకు దూకి నన్ను తిట్టాడు. మా పీఈటీ సార్ నవ్వుతూ నవ్వుతూ నేల మీద కూర్చుండిపోయాడు.

అక్కడి నుంచి జిల్లా. ఇంటర్ రెండో ఏడు మొదట్లో రాష్ట్రం పోటీలు. అక్కడ నాకు మూడో స్థానం వచ్చింది. మెడల్ కంటే సర్టిఫికెట్ ముఖ్యమని పీఈటీ సార్ పదిసార్లు చెప్పాడు. హైదరాబాద్‌లో ఒక ఆడపిల్లల డిగ్రీ కాలేజీ ఉందని, అక్కడ మంచి గ్రౌండు, నేర్పే కోచ్, ఉండటానికి హాస్టలు ఉన్నాయని, ఈ కాగితంతో స్పోర్ట్స్ కోటాలో సీటు వస్తుందని ఆయనే చెప్పాడు. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు నిద్రలో కూడా ఆ గ్రౌండే. సీటు రాకపోతే చదువేమీ ఆగిపోదు, ఊళ్లోనే డిగ్రీ చదువుకునేదాన్ని. కానీ గుండు ఆగిపోతుంది. తలుపు దగ్గరి బాటు మళ్లీ తలుపు దగ్గరికే పోతుంది.

మెడల్ వేసుకుని ఊళ్లోని ఇంటర్ కాలేజీకి పోయిన రోజు మా కెమిస్ట్రీ సార్ క్లాసులో నన్ను లేపి నిలబెట్టాడు. ఆయన గురించి ముందు ఒక మాట చెప్పాలి. కోహీర్ దిక్కు పల్లెలో కూలి చేసుకునే ఇంట పుట్టినవాడు. మార్కులు తప్ప వేరే దిక్కు లేకుండా పైకి వచ్చినవాడు. ఆయన పాఠం చెబితే మొద్దు పిల్లలకు కూడా అర్థమయ్యేది. నాకు ఆయనంటే భయమూ, ఇష్టమూ రెండూ ఉండేవి.

"మెడల్ వచ్చింది, మంచిది. గని ఒకటడుగుత, చెప్పు" అన్నాడు. "రేపు సీటుకు నువ్వు ఈ కాయితం వెడ్తవు. నీకంటె మార్కులెక్కువొచ్చిన పిల్ల గేటు బయట నిలవడ్తది. ఆ పిల్లకేం జెప్తవు?"

నేను మెడల్‌ను పిడికిట్లో దాచుకున్నాను.

"ఇంకోటి. గ్రౌండ్ మొఖం చూడనోళ్లు గూడ ఈ కాయితాలు ఎక్కడెక్కడనో పుట్టించుకొస్తున్నరు. ఎవలు జూస్తున్నరు? మార్కులంటె అట్ల గాదు. అందరు ఒక్కతాన కూసోని రాసిన పరీక్ష అది. దాని మీద నమ్మకం ఉంటది."

వెనక బెంచీలో ఎవరో కిసుక్కున నవ్వారు. నేను తల దించుకుని కూర్చున్నాను. ఆయన తిట్టి ఉంటే బాగుండేది. తిరిగి మనసులో తిట్టుకుని ఊరుకునేదాన్ని. ఆయన తిట్టలేదు, నిజంగానే అడిగాడు. ఆ సాయంత్రం ఇంటి వెనక బాటు విసురుతూ ఏడ్చాను. ఏడుస్తూ విసిరితే దూరం పోదని కూడా ఆ రోజే తెలిసింది.

తర్వాత కొన్నాళ్లకే దసరా వచ్చింది. మా ఇంట్లో ఆయుధ పూజ గట్టిగా చేస్తారు. బువ్వ పెట్టే పనిముట్టు ఏదైనా కడిగి, బొట్టు పెట్టి, దండం పెట్టుకోవాలి. నాయిన బస్తాలు గుంజే కొక్కెం, అమ్మ కొడవలి, కుట్టిన చీర ముక్క విప్పి కడిగిన ఐదు కిలోల బాటు, అన్నీ వరసగా పీట మీద పెట్టింది అమ్మ. పెట్టి, లోపలికి పోయి నా సర్టిఫికెట్ తెచ్చింది.

"దానికెందుకమ్మా?" అన్నాను.

"ఎందుకేంది? అందరియి అయినయి. నీ పనిముట్టు ఇది గాదా?"

అమ్మ పసుపు తడిపి మధ్యవేలితో ఐదు బొట్లు పెట్టింది. నాలుగు మూలలకు నాలుగు. ఐదోది ఎక్కడా అని చూసి, అక్షరాల మీద పెడితే సరస్వతికి కోపం వస్తుందని అక్షరాలు లేని చోటు వెతికింది. కింద ఏవో గీతలు గజిబిజిగా ఉన్నాయి. అక్షరాల్లా కనిపించలేదు. అక్కడ కాస్త పెద్దగా పెట్టి, దాని మీద కుంకుమ అద్దింది. అమ్మ చదువుకోలేదు. సంతకమంటే అందంగా రాసిన పేరు అనుకునేది. నేను పక్కనే ఉన్నాను. నేనైనా చూడలేదు. బొట్టు పెట్టిన కాగితం కళ్లకు ఎంతో నిండుగా కనిపించింది. మరుసటి వారం నాయిన దాన్ని అద్దం ఫ్రేములో వేయించి దేవుని పటాల పక్కన మేకు కొట్టాడు. ఎనిమిది నెలలు రోజూ దండం పెట్టుకుంటూ దాన్ని చూశాను. అందులో తప్పుంటుందని కలలో కూడా అనుకోలేదు.

సర్టిఫికెట్లు చూసే రోజు అమ్మ, నేను పొద్దున్నే మొదటి బస్సెక్కాం. మార్కెట్‌కు అల్లం మస్తుగా వస్తున్న రోజులు, నాయినకు కదలడానికి లేదు. ఫ్రేములోంచి కాగితం తీద్దామంటే అమ్మ ఒప్పుకోలేదు. "పూజ జేసినదాన్ని ఇప్పుతరా? గట్లనే తీస్కపోదాం." కొత్త దుప్పటి చుట్టి, ఫ్రేమును ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. కండక్టరు చూసి, పటమనుకుని చేతులు జోడించి, "ఏ దేవుడమ్మా?" అని అడిగాడు.

"మా బిడ్డ" అంది అమ్మ.

ఆ కాలేజీ వరండాలో పిల్లలూ తల్లిదండ్రులూ కిక్కిరిసి ఉన్నారు. లోపల టేబుల్ దగ్గర ఒక మేడం. యాభై దాటిన మనిషి, పొట్టి జుట్టు, మెడలో విజిల్. నా వంతు వచ్చింది. దుప్పటి విప్పి ఫ్రేము టేబుల్ మీద పెడితే ఆమె కనుబొమ్మలు పైకి లేచాయి. స్కేలుతో ఫ్రేము వెనక మేకులు పీకి, కాగితం బయటకు తీసి, వెలుతురుకు పట్టుకుంది.

"సంతకం ఏది?"

"ఉంది మేడం, ఇక్కడనే..." అని వేలు పెట్టాను. వేలు పెట్టిన చోట పసుపు మరక. అందులో నీలం సిరా కలిసిపోయి ఆకుపచ్చగా ఉంది. సంతకమూ లేదు, ముద్రా లేదు.

మేడం పక్కనున్న కాగితాల కట్ట నా ముందుకు జరిపింది. "ఇవేందో తెలుసా? పొద్దటి సంది దొరికిన దొంగ సర్టిఫికెట్లు. ఒకడు సంతకం మీద చాయ్ ఒలకబోసుకొచ్చిండు. ఒకడు మడత కాడ చింపుకొచ్చిండు. నువ్వు పసుపు పూసుకొచ్చినవ్. అందరు ఒక్క బడిలనే జదివిన్రా?"

నాకు కెమిస్ట్రీ సార్ మాట గుర్తొచ్చింది. ఎవలు జూస్తున్నరు, అన్నాడు. ఇదిగో, చూస్తున్నారు. చూసి, ఆ కట్టలో నన్నూ కలుపుతున్నారు. ఇరవై మంది ముందు దొంగలా నిలబడ్డాను. "కాదు మేడం, దసరాకు..." అని మొదలుపెట్టి అమ్మ వైపు తిరిగాను.

గుమ్మం దగ్గర కూర్చున్న అమ్మ నా ముఖం చూసి లేచి వచ్చింది. "ఏమాయె?"

"సంతకం మీద బొట్టు వడ్డదమ్మా. కనిపిస్తలేదు. చెల్లదంటున్నరు."

అమ్మ కాగితం వంక చూసింది. తాను ఏం చేసిందో అప్పుడు అర్థమైంది ఆమెకు. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. కొంగు నడుముకు దోపింది. మా అమ్మ కొంగు దోపితే ఎదురుగా ఎవరున్నా నాకు వాళ్ల మీద జాలేస్తుంది.

"మేడం, తప్పు నాది. బొట్టు వెట్టింది నేను. చదువు రాదు, తెల్వక వెట్టిన. గదానికి నా బిడ్డను దొంగల్ల కలుపుతరా?"

"నేను దొంగ అనలేదమ్మా. సంతకం లేకుంటె నేనెట్ల నమ్మాలె?"

"సంతకం జూస్తె ఏం దెలుస్తది మేడం? సంతకం ఎవలో వెట్టిన్రు. ఇసిరింది ఇది. ఇది ఈడనే ఉన్నది గద! ఒక గుండియ్యున్రి దాని చేతికి. ఇసరకపోతే మీరు ఎల్లగొట్టేది లేదు, మేమే పోతం."

నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మేడం కళ్లద్దాలు తీసి నన్ను తేరిపార చూసింది. లేచి దగ్గరికొచ్చి, నా గడ్డం పట్టుకుని పక్కకు తిప్పి, మెడ మీద గట్టిపడిన చర్మాన్ని బొటనవేలితో తడిమింది.

"గుండుకు ఇట్ల గీరుకుపోదే. ఇదెట్లయింది?"

"బాటు మేడం. తూకం బాటు. మా ఇంట్ల గుండు లేకుండె."

మేడం టేబుల్ కింద వంగి ఒక గుండు బయటకు తీసింది. "కాయితం మీద సంతకం చెరిగింది గని దూరం చెరగలే. ఆ దూరం దగ్గరికి రా చాలు. పద."

రాత్రి వాన పడి గ్రౌండ్ మెత్తగా ఉంది. మేడం మడమతో నేల మీద గుండ్రంగా గీత గీసింది. సర్టిఫికెట్‌లో ఉన్న దూరం టేపుతో కొలిచి అక్కడ ఒక ఇటుక పెట్టించింది. వరండాలో ఉన్నవాళ్లంతా మెట్ల మీదికి వచ్చి నిలబడ్డారు. అమ్మ నా చున్నీని భుజం మీదుగా తీసి నడుముకు గట్టిగా ముడి వేసింది. చెప్పులు విడిచాను. గుండు మెడకు ఆనించుకుని, తిరిగి, విసిరాను.

ఇటుకకు మూరెడు ఇవతల పడింది.

మెట్ల మీద ఎవరో "అరెరె" అన్నారు. మేడం మాత్రం టేపు చుట్టేస్తూ, "సాలు. ఆట ఆడనోళ్ల చెయ్యి గాదు ఇది. రా లోపలికి" అంది. నమ్మింది. సీటు వచ్చినట్టే. నేను గీత దాటి రెండడుగులు వేశాను కూడా.

"ఆగున్రి మేడం" అంది అమ్మ. "అది పొద్దుగాల్ల సంది ఏం తినలే."

"ఏంది?"

"బుక్కెడు తినలే మేడం, భయానికి. తింటె అట్ల వడదు దాని గుండు. తిన్నంక ఇంకోపారి ఇసురుతది."

"అయిపోయిందమ్మా. నేను నమ్మిన అంటున్న గద!"

"మీరు నమ్మిన్రు మేడం. గాళ్లు?" అని అమ్మ మెట్ల వైపు చెయ్యి చూపించింది. "అరెరె అన్నరు గద. దొంగది అన్నప్పుడు అందరు ఇన్నరు. ఇప్పుడు అందరు సూడాలె."

అలా అని, గ్రౌండ్ మధ్యలోనే కూర్చుని సంచీలోంచి రొట్టెల గుడ్డ విప్పింది. జొన్నరొట్టె, పల్లీల కారం. నాకు నవ్వొచ్చింది, సిగ్గేసింది, ఆకలి కూడా అప్పుడే తెలిసింది. మేడం గడియారం చూసుకుంది. మెట్ల మీద ఉన్న గుంపును చూసింది. వచ్చి అమ్మ పక్కన గడ్డిలో చతికిలబడి, "నాక్కూడ ఒకటియ్యమ్మా, పొద్దటి సంది నేనూ తినలే" అంది. ముగ్గురం కూర్చుని రొట్టెలు తిన్నాం. నా అడ్మిషన్ ఫైలు ఆమె ఒళ్లో ఉంది, దాని మీద కారం పడకుండా ఆమె చెయ్యి అడ్డం పెట్టుకుంది.

రెండు రొట్టెలు తిని, నీళ్లు తాగి, చెయ్యి చున్నీకి తుడుచుకుని గీతలోకి వచ్చాను. గుండు మెడకు తగిలిన చోట ఎప్పటి గాయమో చురుక్కుమంది. నాకు ఇటుక కనిపించడం మానేసింది. మా ఇంటి వెనక జాగా, చీర ముక్క చుట్టిన బాటు, క్లాసులో కిసుక్కుమన్న నవ్వు, అన్నీ కాళ్లలోకి వచ్చాయి. కాళ్లలోంచి నడుముకు, నడుము నుంచి భుజానికి. చెయ్యి చాపి వదిలిన క్షణంలోనే నాకు తెలిసిపోయింది. నోట్లోంచి నాకు తెలియకుండానే పెద్ద కేక వచ్చింది.

గుండు ఇటుకను దాటి పడింది. మెత్తటి నేలలో సగం దిగిపోయింది.

మేడం పరుగెత్తింది. యాభై దాటిన మనిషి టేపు పట్టుకుని పరుగెత్తడం నేను అప్పుడే చూశాను. కొలిచి, మళ్లీ కొలిచి, తలెత్తి, "జానెడు ఎక్కువ!" అని అరిచింది. మెడలోని విజిల్ తీసి ఊపిరి ఉన్నంతసేపు ఊదింది. మెట్ల మీదున్నవాళ్లు చప్పట్లు కొట్టారు. అమ్మ చప్పట్లు కొట్టలేదు. నడుముకు దోపిన కొంగు తీసి ముఖం తుడుచుకుని, గుంపు వైపు తిరిగి నిలబడింది. "సూసిన్రా?" అంది. అప్పుడు ఏడ్చింది.

మేడం నా ఫైలు మీద తన చేత్తో రాసింది, గ్రౌండ్‌లో పరీక్ష చేసి చూశానని, సర్టిఫికెట్ నకలు వారంలో తెచ్చి ఇవ్వాలని. కింద సంతకం పెట్టింది. మా పీఈటీ సార్‌కు ఫోన్ చేసి నకలు సంగతి కూడా ఆమే చెప్పింది. వెళ్లేటప్పుడు అమ్మతో, "అమ్మా, వచ్చే దసరాకు బొట్టు వెనక దిక్కు పెట్టు" అంది.

"వెనక వెడితె దేవునికెట్ల కనవడ్తది మేడం?" అంది అమ్మ.

ఆ కాలేజీలో మూడేళ్లు చదివాను, విసిరాను. ఆ మేడం దగ్గరే నేర్చుకున్నాను. టేబుల్ కింద గుండు పెట్టుకోవడం కూడా ఆమె అలవాటే.

మొదటి ఏడు దసరాకు ఇంటికి వచ్చాను. నకలు సర్టిఫికెట్ ప్లాస్టిక్ కవర్లో వేసి, ఇనుప పెట్టెలో పెట్టి, తాళంచెవి నాయిన దాచేశాడు. అమ్మ కొక్కేనికి, కొడవలికి, బాటుకు బొట్లు పెట్టి, పళ్లెం పట్టుకుని నా ముందుకొచ్చింది.

"కాయితం ఇయ్యనమ్మా" అన్నాను భయంగా.

"కాయితం ఎవలడిగిన్రే? చెయ్యి సాపు."

నా కుడి అరచేతిలో పసుపు పెట్టి, దాని మీద కుంకుమ అద్దింది. "ఇది చెరిగిపోతదమ్మా" అంటే, "చెరిగిపోతే మళ్ల వెడ్త" అంది.

సాయంత్రం జమ్మి ఆకు పట్టుకుని కెమిస్ట్రీ సార్ ఇంటికి పోయాను. దసరా నాడు జమ్మి పెట్టి పెద్దల కాళ్లు మొక్కడం మా దగ్గర అలవాటు. ఆయన నన్ను చూసి నవ్వాడు. కూర్చోమన్నాడు.

"సీటొచ్చిందంట, సంతోషం. గని నేనడిగినదానికి జవాబు దొరికిందా? బయట నిలవడ్డ పిల్లకేం జెప్తవు?"

"దొరికింది సార్" అన్నాను. గ్రౌండ్ నుంచి వచ్చిన రోజు నుంచి ఆ జవాబు నా దగ్గరే ఉంది. "ఆ పొద్దు ఆ కాలేజీల మస్తుమందికి సీట్లొచ్చినయి. అందరియి మార్కుల కాయితాలు జూసిన్రు, పంపిన్రు. ఎవ్వల్ని గూడ, ఏదీ, ఈ లెక్క మా ముంగట మళ్లొకపారి చెయ్యి అనలే. నన్నొక్కదాన్నే అన్నరు. అందరి ముంగట ఇసురుమన్నరు. ఇసిరిన సార్. కాయితం మీద ఉన్నదానికంటె జానెడెక్కువ ఇసిరిన. ఆ పొద్దు ఆ కాలేజీల రెండుసార్లు పరీక్ష రాసి సీటు తెచ్చుకున్నది నేనొక్కదాన్నే."

నేను ఆగలేదు. నాలుగు నెలలుగా కడుపులో పెట్టుకున్న మాట.

"బయట నిలవడ్డ పిల్లంటె నాకు బాధనే సార్, అబద్ధమాడ. గని ఆమె సీటు నేను గుంజుకోలే. నా పరీక్ష నేను రాసిన. దొంగ కాయితాలొస్తున్నయన్నరు. అదీ నిజమే, కట్ట గట్టి వెట్టిన్రు, కండ్లార జూసిన. దొంగల్ని వట్టుకోవాలె సార్. ఆటకెందుకు శిక్ష?"

ఆయన పెద్దగా నవ్వాడు. "ఇంత మంచిగ నా పరీక్షల రాస్తె నీకు మార్కులెందుకు రాకపోవునే?" అన్నాడు. ఆయన పూర్తిగా ఒప్పుకున్నాడో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. మార్కులతో పైకి వచ్చిన మనిషి, అంత తొందరగా ఒప్పుకుంటాడనీ అనుకోను. నాకు ఆయన ఒప్పుకోవడం అక్కర్లేదు కూడా. క్లాసులో తల దించుకుని కూర్చున్న పిల్ల ఆయన ముందు తలెత్తి నిలబడి మాట్లాడింది. ఆ రోజుకు అది చాలు.

కాళ్లు మొక్కి లేస్తే, నాకు జమ్మి పెట్టడానికి చెయ్యి చాపమన్నాడు. చాపాను. అరచేతిలో పసుపు చూసి ఆగాడు.

"ఇదేంది?"

"ఆయుధ పూజ సార్. అమ్మ వెట్టింది."

ఆయన జమ్మి ఆకును మెల్లగా, పసుపు చెరగకుండా, బొట్టు పక్కన పెట్టాడు. పెట్టి, నా వేళ్లు ఆయనే మూశాడు.